నాలుగే నాలుగు సీట్లు

ఆ బండి మా షెడ్డుకి తన చక్రాల మీద రాలేదు. ఇంకో బండి ఎక్కి వచ్చింది. లారీ మీద, నిలువెల్లా ముసుగు కప్పుకుని, పెద్దింటి రోగిలా వచ్చింది. అప్పటికి వానలింకా మొదలుకాలేదు. వీధంతా దుమ్ము లేస్తోంది. ముసుగు మీద ఆ దుమ్ము పడుతుందేమోనని ఒకాయన లారీ పక్కనే నడుస్తూ చేత్తో విసురుతున్నాడు. చేతులకి తెల్లటి గ్లౌజులు. షోరూములో సూపర్‌వైజరట. పేరేదో చెప్పాడు గానీ ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఆయన గ్లౌజులాయనే.

మాది కార్ల సీట్లకి తోలు తొడుగులు కుట్టే పని. మా ఆయన తోలు కోస్తాడు. మిషను మీద పడేది నేను కుడతాను. చేత్తో కుట్టాల్సింది మా అత్తయ్య చూసుకునేది. చేత్తో కుట్టేవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు, కాదనను. కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో వెతికినా దొరక్కుండా కుట్టేది మాత్రం ఆవిడొక్కతే. ఈ మాట సొంత కోడలు చెప్తోంది, కాబట్టి నమ్మొచ్చు.

గ్లౌజులాయన ముసుగు తీశాడు. నల్లగా, ఎత్తుగా, గోడంత ఉంది బండి. లోపలికి తోశాక తలుపుకీ దానికీ మధ్య బెత్తెడు సందు మిగిలింది. మా ఆయన గుటకలు మింగుతూ చూస్తున్నాడు.

“ఇందులో చాలా రకాలున్నాయి మాస్టర్,” అన్నాడు గ్లౌజులాయన. “కింది రకంలో ఐదుగురు కూర్చోవచ్చు. దానిమీది రకంలో ఏడుగురు. ఆపైన పొడుగుది ఉంది. ఇదుందే, ఇది అన్నిటికన్నా పైది. దీనిపైన ఇంక ఆకాశమే.”

“మరి ఇందులో ఎంతమంది పడతారు బాబూ?” అంది అత్తయ్య.

“నలుగురమ్మా.”

“నలుగురేనా?”

“నాలుగే నాలుగు సీట్లు. వెనక ఇద్దరే. కాళ్లు బారచాపుకుని పడుకోవచ్చు. సీటే ఒళ్లు పడుతుంది, సీటే చల్లగాలి వదులుతుంది.”

అత్తయ్య నావైపు తిరిగింది. “ఏమే, డబ్బు పెరిగేకొద్దీ సీట్లు తగ్గుతున్నాయేంటే? ఇంకాస్త ఖరీదైంది కొంటే అసలు ఎక్కనివ్వరేమో!”

గ్లౌజులాయన కూడా నవ్వాడు. నవ్వడం అయ్యాక గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. ఓనరుకి కంపెనీ వేసిన తోలు రంగు నచ్చలేదట. మార్చమన్నాడట. బండి తయారైన దేశానికే పంపి అక్కడే మార్పిస్తున్నామని షోరూము వాళ్లు ఆయనకి చెప్పేశారట.

“అందుకని మాస్టర్, బండి ఇక్కడుందని మూడో కంటికి తెలియకూడదు. తెలిసిందంటే నా ఉద్యోగం ఊడుతుంది. మీ గడప మళ్లీ ఎవరూ తొక్కరు.”

“మా నోళ్లు కుట్టేసుకుంటాంలే బాబూ,” అంది అత్తయ్య. “మాకు వచ్చిందే ఆ పని.”

ఆయన వెళ్లబోతూ కూడా దాని గొప్పలు ఆపలేదు. కొండలెక్కుతుందట, ఇసుకలో దిగబడదట, నడుంలోతు నీళ్లలో కూడా ఇంజను ఆగదట.

“ఆ ఓనరు ఏ కొండలెక్కుతాడు?” అన్నాను నేను.

“ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి,” అన్నాడు. అని, ఎందుకో సిగ్గుపడ్డాడు.

*

మాకు పని అంటే ఏమిటో ఆ బండి చూపించింది. పాత తోలు విప్పాం, కొత్త తోలు వచ్చింది. చేత్తో ముట్టుకుంటే పసిపిల్ల బుగ్గలా ఉంది. మా ఆయన కత్తి పట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, ఆరబెట్టుకుని, మళ్లీ కడుక్కునేవాడు. ఒక్క గీత తప్పు పడితే ఇంకో తోలు తెప్పించే దారి లేదని గ్లౌజులాయన ముందే చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ మా ఆయనకి నిద్ర కూడా కత్తి మీద సామే అయింది.

అత్తయ్య మాత్రం హాయిగా ఉంది. మైనం పట్టించిన దారం, రెండు సూదులు, ఎదురెదురుగా ఒకే చిల్లులోంచి తీస్తుంది. నోట్లో ఏదో కూనిరాగం. ఒక తొడుగు పూర్తయి, సీటుకి తొడిగి చూస్తుండగా గ్లౌజులాయన వచ్చాడు. కుట్టు ఎక్కడ మొదలైందో కాసేపు వెతికాడు.

“ఒక్కసారి కూర్చుని చూడండమ్మా,” అన్నాడు. “మీరు కుట్టిందే కదా.”

అత్తయ్య నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగింది. “అయ్యయ్యో, ఎంత మాట! నేనెలా కూర్చుంటాను బాబూ?”

ఆయనకి అర్థం కాలేదు. మా ఆయన చెప్పాడు. మా షెడ్డులో అదొక కట్టుబాటు. మామయ్య ఉన్న రోజుల నుంచీ ఉంది. కుట్టిన సీటు మీద మేమెవరం కూర్చోము. తోలు మీద మొదటి బరువు పడ్డప్పుడు మొదటి ముడత పడుతుంది. ఆ ముడత ఇక పోదు. అది ఎవరిది కావాలో వాళ్లదే కావాలి. సీటు సరిగా కుదిరిందో లేదో అత్తయ్య అరచేత్తో నొక్కి చూస్తుంది, అదీ అంచుల దగ్గరే.

“పెళ్లికూతురి చీర ముందు నువ్వు కట్టుకుని చూస్తావా బాబూ?” అంది అత్తయ్య.

“నేను కట్టుకోనులెండమ్మా,” అన్నాడాయన.

అందరం నవ్వాం. అత్తయ్యకి నవ్వుతో పాటు దగ్గొచ్చింది. అప్పుడది చిన్న దగ్గే.

*

వానలు పట్టుకున్నాయి. మామూలుగా కాదు. మా వీధి పెద్దరోడ్డు కంటే పల్లంలో ఉంటుంది. వెనక గదిలో మా కాపురం, ఆ పక్కనే వంట. పైన ఒక్కటే గది. ఇల్లు మొత్తం మీద చెమ్మ ఎక్కని చోటు అదొక్కటే. అందుకే అత్తయ్య మంచం అక్కడ. ఆవిడకి ఆయాసం ఈనాటిది కాదు. ఎండాకాలం పెద్దగా బయటపడదు. వాన వాసన తగిలిందంటే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. పైగది, కిటికీ, దుప్పటి, పీల్చే మందు, వీటితో ప్రతి వానాకాలాన్నీ నెట్టుకొస్తోంది.

కింద గోడలు చెమ్మెక్కాయి. ఒకరోజు పొద్దున్నే మా ఆయన ఒక తొడుగు ఎత్తి చూసి కొయ్యబారిపోయాడు. మూల మీద తెల్లగా, పొడిపొడిగా బూజు. వేలితో తుడిస్తే పోయింది. అయినా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

“షోరూముకి పంపేద్దాం,” అన్నాను. “వాళ్ల దగ్గర పెద్ద పెద్ద ఏసీ గదులుంటాయి కదా.”

ఫోన్ చేశాడు. గ్లౌజులాయన అటు నుంచి బతిమాలినంత పని చేశాడు. షోరూములో ఎవరైనా చూస్తే కొంప మునుగుతుందన్నాడు. పక్కింట్లో పెట్టాలన్నా చెప్పాల్సి వస్తుంది. మా ఆయన ఫోన్ పెట్టేసి నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు.

అత్తయ్య మెట్ల మీద నుంచి అంది, “దానికంత ఆలోచన ఏంట్రా? పైన పెట్టండి. నేను కిందకొస్తాను.”

“మీకు ఆయాసం కదా అత్తయ్యా!”

“నాకు వచ్చిన ఆయాసం పోతుంది. తోలుకి పట్టిన బూజు పోదు.”

“ఏంటా మాటలు? మీకంటే ఎక్కువా ఆ తోలు?”

“ఎక్కువే,” అంది, చాలా మామూలుగా. “నన్నెవరైనా నమ్మి నీ చేతిలో పెట్టారా? దాన్ని పెట్టారు.”

నేను మా ఆయన వైపు చూశాను. ఏదైనా అంటాడని. ఆయన గోడ వైపు తిరిగి కుడిచేత్తో ఎడమచెయ్యి గోక్కుంటున్నాడు. తల్లి మాటకి ఎదురు చెప్పడం ఆ మనిషికి పుట్టుకతోనే రాలేదు. నేను ఒంటికాలి మీద లేచాను, నోటికొచ్చినట్టు తిట్టాను, బండిని, ఓనరుని, వానని, ఎవరు దొరికితే వాళ్లని. నా అరుపులు అరుపుల్లా ఉండగానే ఆవిడ తన దిండు తనే చంకన పెట్టుకుని కిందికి దిగొచ్చేసింది. మధ్యాహ్నానికి తొడుగులు మంచమెక్కాయి. వాటి కింద దుప్పటి, పైన దుప్పటి. అత్తయ్య మంచం మిషను పక్కకొచ్చింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లకుండా ఏమీ లేను. తీసుకెళ్లాను. ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి విని, మందులు మార్చి, “చెమ్మ తగలకూడదు, పొడి గదిలో పడుకోబెట్టండి,” అన్నాడు.

“అలాగేనండీ,” అంది అత్తయ్య. ఎంత వినయంగా అందంటే, నాకు అక్కడే ఆవిడ నెత్తిన ఒకటి మొట్టాలనిపించింది.

బయటికొచ్చాక చెయ్యి పట్టుకున్నాను. “విన్నారుగా? ఈ రోజే పైకెళ్తున్నారు.”

“పని వారంలో అయిపోతుందే అమ్మాయ్. అయిపోయిన రోజే పైకెళ్తాను. నన్నెందుకు కాల్చుకుతింటావ్?”

అందులో అబద్ధం లేదు. నిజంగానే ఇంక వారం పనే ఉంది.

*

ఆ వారం చివర్లో గ్లౌజులాయన వచ్చాడు. గొడుగు మూసి, షెడ్డు తలుపు దగ్గరే నిలబడి, లోపలికి రాకుండా నీళ్లు నములుతున్నాడు. తొడుగులన్నీ ఫొటోలు తీసి ఓనరుకి పంపారట. రంగు బ్రహ్మాండంగా ఉందన్నాడట.

“మరింకేం?” అన్నాడు మా ఆయన.

“దారం...” అన్నాడు. “దారం ఇంకొంచెం బూడిదరంగులో ఉంటే బాగుంటుందన్నాడు మాస్టర్.”

మా ఆయన చేతిలో కత్తి బల్ల మీద పెట్టేశాడు.

“కంపెనీలో అయితే మార్చడం వాళ్లకెంత పని అన్నాడు,” అని నసిగాడు.

ఎంత పనో నన్నడగాలి. కుట్టిన ప్రతి కుట్టూ విప్పాలి. విప్పాక మిషను వాడడానికి లేదు. మిషను తన చిల్లులు తను పొడుచుకుంటూ పోతుంది, పాత చిల్లులు నోళ్లు తెరుచుకుని పక్కనే ఉంటాయి. ఉన్న చిల్లుల్లోంచే, ఒక్కటీ సాగకుండా, ఒక్కటీ చిరగకుండా మళ్లీ చేత్తో లాగాలి. అంటే నేను కుట్టింది కూడా అత్తయ్యే కుట్టాలి. వేరే దారి లేదు.

“ఆయన్ని ఒక్కసారి ఇక్కడికి తీసుకురండి,” అన్నాను. “ఒక్కసారి. మా అత్తయ్యని చూడమనండి.”

“ఎలా తెస్తానమ్మా? ఇది ఇక్కడుందనే తెలీదాయనకి.” ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “నేను మాత్రం ఆయన్ని చూశాననుకున్నారా? నాకూ ఫోన్లోనే చెప్తారు.”

తిడదామని నోరు తెరిచినదాన్ని మూసేసుకున్నాను. ఎవర్ని తిట్టాలి? ఆ దారం బూడిదరంగులో ఉంటే బాగుంటుందన్న మనిషి చెడ్డవాడు కూడా అయి ఉండడు. ఏ కాఫీ తాగుతూనో ఫోన్ చూసి, తోచింది అనేసి, మర్చిపోయి ఉంటాడు.

అత్తయ్య మంచం మీద నుంచి చెయ్యి చాపింది. “దారం తెచ్చావా బాబూ? చూపించు.”

ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. కిటికీ వెలుగులో పెట్టి చూసింది. “ఇదే బాగుంది,” అంది. “అతనికి కన్నుంది.”

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

అప్పటి నుంచి ఆవిడ పొద్దున్నే పైగదికి ఎక్కి, నేల మీద కూర్చుని, మంచం మీది తొడుగులు ఒక్కొక్కటే ఒళ్లోకి తీసుకుని కుట్టేది. చీకటి పడే వేళకి మళ్లీ కిందికి దిగేది. మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో కూర్చునేది. ఆ తర్వాత రెండుచోట్ల కూర్చోవడం మొదలెట్టింది. “పడుకునేది కూడా ఇక్కడే నేల మీద పడుకోండి,” అంటే, నిద్రలో దగ్గితే తోలు మీద తుంపర పడుతుందని వినలేదు. నేను వంటింట్లో ఉంటే పైనుంచి పిల్లికూతలు వినబడేవి. మందు పీలిస్తే కాసేపు తగ్గేవి. ఆ కాసేపట్లో వేళ్లు గబగబా ఆడేవి. మా ఆయన కింద ఫోము కోస్తూ, కూత వినబడ్డప్పుడల్లా కత్తి ఆపి పైకి చూసేవాడు. మళ్లీ కోసుకునేవాడు.

“మీరు చెప్తే వింటుందండీ,” అన్నాను ఒకరోజు.

“ఏం చెప్పను?” అన్నాడు. “ఆపేయమంటే పని ఎవరు చేస్తారు? చేయమంటే నేను కొడుకునా? నువ్వే చెప్పు, ఏం చెప్పమంటావో అది చెప్తాను.”

నేను మందు డబ్బా తీసుకుని పైకెళ్లాను. చేతులు కట్టేసి కూర్చోబెట్టడం అంటే ఏమిటో నాకు ఆ రోజుల్లోనే తెలిసింది.

*

సీట్లు బిగించడం పూర్తయిన మర్నాడు ఆకాశం తెగింది. తెల్లారేసరికి వీధి లేదు, నీళ్లే ఉన్నాయి. కరెంటు పోయింది. గ్లౌజులాయన ప్యాంటు తొడల దాకా మడుచుకుని, బండి తాళాన్నీ గ్లౌజుల్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి నెత్తిన పట్టుకుని వచ్చాడు. లారీ రాలేదట. బండి నీళ్లలో చిక్కుకోక ముందే తనే నడిపి తీసుకెళ్లాలట.

అత్తయ్య మంచం మీద ముందుకి వంగి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఊని, గాలి కోసం కొట్టుకుంటోంది. ముందురోజు దాకా మాట్లాడిన మనిషి, పైగదికి మారదామంటే మెట్లెక్కే ఓపిక లేక రాత్రి కిందే ఉండిపోయింది. మందు ఎన్నిసార్లు పీల్చినా దిగడం లేదు. పెదవులు నీలంగా మారాయి. అంబులెన్సుకి ఫోన్ చేస్తే, మీ వీధిలోకి రాలేమమ్మా, పెద్దరోడ్డు దాకా ఎలాగైనా తీసుకురండి అన్నారు. ఎలా తీసుకురాను? నీళ్లు నా నడుం దాకా ఉన్నాయి. మంచంతో సహా మోద్దామా అంటే వీధి చివర రోడ్డు గట్టు దాకా నీళ్లెంత లోతున్నాయో తెలియదు.

గ్లౌజులాయన తలుపు దగ్గర నిలబడి ఆవిణ్ణే చూస్తున్నాడు. నేను ఆయన కాళ్ల మీద పడలేదు గానీ దాదాపు అంత పనీ చేశాను.

“మీ చేతిలో తాళం ఉంది. నీళ్లలో పోతుందని మీరే అన్నారు. అన్నా, మీకు దణ్ణం పెడతాను.”

ఆయన ఎవరికో ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. చివరికి ఫోన్ జేబులో పడేసి, “ఎక్కించండి,” అన్నాడు. “కానీ మాస్టర్, ఎక్కడా, ఎవరికీ...”

“చెప్పను,” అన్నాడు మా ఆయన. “చచ్చినా చెప్పను.”

తలుపు తెరిస్తే బండి తనే కాస్త కిందికి దిగి వంగింది. లోపల్నుంచి మెట్టు ఒకటి బయటికొచ్చింది. మంచం దగ్గర్నుంచి బండి దాకా, వీధి కంటే ఎత్తులో ఉన్న షెడ్డులోనే చీలమండల దాకా నీళ్లు. ఇద్దరూ చెరోవైపు పట్టి అత్తయ్యని ఎక్కించారు. అవతలి తలుపు నుంచి నేనెక్కాను. మా ఆయన ముందు కూర్చున్నాడు.

ఆవిడ సీటు మీద కూర్చోలేదు.

సీటుకీ ముందు సీటుకీ మధ్య బోలెడంత జాగా. కాళ్లు బారచాపుకోవడానికి వదిలిన జాగా. అందులోకి జారి, కింద పరిచిన తివాచీ మీద ముడుచుకుని కూలబడింది.

“అత్తయ్యా, పైకి రండి. నిటారుగా కూర్చుంటే గాలాడుతుంది. రండి.”

తల అడ్డంగా ఊపింది. తడిసిన బట్ట అంచు పట్టుకుని నాకు చూపించింది. తడి. ఆ చేత్తోనే సీటు వైపు చూపించింది.

“తడిస్తే తడుస్తుంది, తగలబడనీ! లేవండి!” చంకల్లో చేతులు పెట్టి లేపబోయాను. ఎంత బరువని ఆవిడ? సగం మనిషి. అయినా ముందు సీటు కింద ఇనప కమ్మీ గట్టిగా పట్టుకుంది. ఇన్నేళ్లు దారం లాగిన వేళ్లు అవి, నా వల్ల కాలేదు. “ఏవండీ, మీరు చెప్పండి! ఒక్కసారి గట్టిగా చెప్పండి!”

మా ఆయన వెనక్కి తిరిగాడు. “అమ్మా,” అన్నాడు. “అమ్మా, కూర్చోవే. నేను చెప్తున్నాను కదా.”

ఆయన తల్లితో అంత గొంతు చేసుకుని మాట్లాడడం నేను మొదటిసారి విన్నాను. ఆవిడ కొడుకు మొహం చూసింది. తల అడ్డంగా ఊపింది.

“మీరు కూర్చోండమ్మా, నేను చూసుకుంటాను,” అన్నాడు గ్లౌజులాయన కూడా. అప్పటికే బండి నీళ్లలోకి దిగింది.

దాని గొప్పలేవీ అబద్ధం కాదు. నీళ్లు తలుపుల సగం దాకా లేచాయి. వీధిలో జనం కుండలూ బిందెలూ నెత్తిన పెట్టుకుని గోడలు పట్టుకుని నడుస్తున్నారు, ఆగి నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. లోపలికి చుక్క నీరు రాలేదు, చిన్న కుదుపు లేదు, బయటి చప్పుడు ఒక్కటి లేదు. అందుకని అత్తయ్య ఊపిరి బండంతా వినబడింది. నేను కూడా కిందికి దిగి, ఆవిడ వెనక కూర్చుని, నా ఛాతీకి ఆనించి పట్టుకున్నాను. ఎంత ఆనించినా ముందుకే వాలిపోతోంది. తల వెళ్లి సీటు అంచుకి తగలబోతే, మధ్యలో తన చెయ్యి అడ్డం పెట్టుకుంది. నోట్లోంచి కారేది తోలు మీద పడకుండా.

ముందు అద్దం కింద పెద్ద తెర ఒకటి వెలుగుతోంది. అందులో నాలుగు సీట్ల బొమ్మ. ముందు రెండూ వెలుగుతున్నాయి. వెనక రెండూ నల్లగా ఉన్నాయి, అక్కడ ఎవరూ లేనట్టు.

“ఇంకెంత దూరమన్నా?” అన్నాను.

“వచ్చేశామమ్మా. అదిగో, గట్టెక్కితే రోడ్డే.”

గట్టెక్కేటప్పుడు బండి ముక్కు పైకి లేచింది. ఆ వాలులో ఆవిడ బరువంతా నామీదకొచ్చింది. సరిగ్గా అప్పుడే పిల్లికూతలు ఆగిపోయాయి. పట్టుకున్న కమ్మీ కూడా వదిలేసింది. తగ్గిందనుకున్నాను. హమ్మయ్య అని పైకే అన్నాను. మా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వాడు కూడా.

*

గ్లౌజులాయన రోడ్డు మీద అంబులెన్సు కోసం ఆగకుండా తిన్నగా ఆసుపత్రికే పోనిచ్చి, మమ్మల్ని గేటుకి ఇవతలే దింపాడు. గ్లౌజుల్లేని చేతులతో అత్తయ్యని లోపలి దాకా మోసింది మా ఆయనతో పాటు ఆయనే. మోసి, మొహం తుడుచుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఆ వరండా అంతా తడిసిన మనుషులే. ఎవర్ని ఎక్కడ పడుకోబెడుతున్నారో తెలియకుండా ఉంది. అత్తయ్యని ఒక తెర వెనక్కి తీసుకెళ్లారు. మేం బయట గోడకి ఆనుకుని నిలబడ్డాం. మా ఆయన రెండు అరచేతులూ చొక్కాకి తుడుచుకుంటూనే ఉన్నాడు.

డాక్టరు బయటికి వచ్చింది. చిన్నపిల్ల, మా వయసు కూడా ఉండదు. కళ్ల కింద నల్లటి చారలు. మా మొహాలు చూసి, ఎలా చెప్పాలో వెతుక్కుని, మామూలుగానే చెప్పేసింది. దారిలోనే పోయిందట.

మా ఆయన తల ఊపాడు, ఎవరో చిరునామా చెప్తుంటే విన్నట్టు.

ఆ పిల్ల వెళ్లబోయి ఆగింది. కోపం కాదు, ఏదో మనసులో పట్టి పీకుతున్నట్టు ఉంది. “మెడ వంగిపోయి, ముడుచుకుపోయి ఉందండీ ఆవిడ. ఆయాసంలో మనిషిని అలా మడిచి తెస్తారా? నిటారుగా కూర్చోబెట్టి ఉంటే...” అని ఆపేసింది. “దేంట్లో తెచ్చారు?”

“ఏదో సామాన్ల ట్రక్కు దొరికితే,” అన్నాడు మా ఆయన.

“అందులో ఒక్క సీటు కూడా లేదా?”

మా ఆయన నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు, అలాగని నోరూ విప్పలేదు.

“లేదండీ,” అన్నాడు. “కూర్చోడానికి చోటు లేదు.”

ఆ పిల్ల నిట్టూర్చి, మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఇంకో తెర వెనక్కి వెళ్లిపోయింది.